మంచు ఊళ్లో కంప్యూటర్ పాఠాలు

జపాన్‌లో ఐటీ చదువు అనగానే టోక్యో ఆకాశహర్మ్యాలే కళ్లముందు మెదులుతాయి. కానీ ఆ దేశంలో కంప్యూటర్ సైన్స్ కోసమే పుట్టిన మొట్టమొదటి విశ్వవిద్యాలయం కొండల నడుమ, చలికాలమంతా మంచు దుప్పటి కప్పుకునే ఓ చిన్న ఊళ్లో ఉంది. సమురాయ్‌ల కోట, సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఒకే వీధి చివర కనిపించే ఆ ఊరు... ఐజు వకమత్సు!

రైలు దిగి ఊళ్లోకి అడుగుపెడితే ఎటు చూసినా ఎర్రటి ఆవులే. దుకాణాల గుమ్మాల్లో, మిఠాయి డబ్బాల మీద, తాళంచెవుల గుత్తులకి వేలాడుతూ... కంగారు పడకండి, అన్నీ బొమ్మలే! కాగితం గుజ్జుతో చేసి ఎర్రరంగు పూసిన ఈ బొమ్మ పేరు అకబెకో. వేలితో అలా తడితే చాలు, మన గంగిరెద్దులా బుద్ధిగా తలాడిస్తుంది. దగ్గర్లోని యనైజులో గుడి కట్టేటప్పుడు కలప లాగి సాయపడిన పశువులకు గుర్తుగా ఇది పుట్టిందట. ఇంట్లో ఉంటే పిల్లలకు మశూచి రాదని పూర్వం నమ్మేవారు. మశూచి పోయింది, అకబెకో మాత్రం ఉంది. దేశదేశాల నుంచి ఇక్కడికి చదువుకోవడానికొచ్చే కుర్రకారు గదుల్లోనూ, కంప్యూటర్ పక్కన చోటు సంపాదించుకుంది.

టోక్యో నుంచి షింకాన్సెన్ బుల్లెట్ రైల్లో కొరియామాకి గంటా ఇరవై నిమిషాలు. అక్కడ దిగి మామూలు రైలెక్కితే మరో గంటా పది నిమిషాల ప్రయాణం. దారిలో ఒకపక్క బందాయ్ కొండ, ఆ దిగువన ఇనవషిరో సరస్సు. ఫుకుషిమా జిల్లాలోనే పడమటి కొసన ఉన్న ఈ ఊరి జనాభా లక్ష పైచిలుకు మాత్రమే. ఫుకుషిమా అన్న పేరు వినగానే అమ్మానాన్నలకు 2011 నాటి అణువిద్యుత్ కేంద్రం ప్రమాదం గుర్తుకు రాక మానదు. ఆ కేంద్రం ఇక్కడికి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో, కొండలకు అవతల సముద్రపు ఒడ్డున ఉంది. ఇళ్లు వదిలి రావాల్సి వచ్చిన ఓకుమా పట్టణవాసులు చాలామంది తలదాచుకున్నది ఈ ఊళ్లోనే. వాళ్ల పట్టణ కార్యాలయం కూడా కొన్నేళ్లపాటు ఇక్కడి నుంచే నడిచింది.

పుట్టుకే కంప్యూటర్‌తో!

ఐజు విశ్వవిద్యాలయాన్ని ఫుకుషిమా జిల్లా ప్రభుత్వం 1993లో ప్రారంభించింది. ఊరి కుర్రాళ్లంతా చదువుల కోసం టోక్యో పోయి తిరిగి రావడం లేదన్న బెంగ అప్పట్లో ఇక్కడి పెద్దలది. మన పల్లెలకు ఆ బెంగ కొత్త కాదుగా! ఏదో ఒక కాలేజీ పెడితే పిల్లలు ఆగరు. దేశంలో ఇంకెక్కడా లేనిది పెట్టాలి. అలా కంప్యూటర్ గ్రాఫిక్స్ నిపుణుడు తొషియాసు కునీ తొలి అధ్యక్షుడిగా, విదేశీ అధ్యాపకులతో ఈ విశ్వవిద్యాలయం మొదలైంది. ఇప్పటికీ నలభై శాతం దాకా పాఠాలు చెప్పేది బయటి దేశాలవాళ్లే. డిగ్రీ ఆఖర్లో రాసే సిద్ధాంత పత్రం జపాన్ విద్యార్థి అయినా సరే ఇంగ్లిషులోనే రాయాలి. మొత్తం ఇంగ్లిషులోనే చదివే డిగ్రీ కోర్సు 2016 నుంచి నడుస్తోంది.

ల్యాబుల తలుపులకు రాత్రీ పగలూ తేడా లేదు. బయట మోకాళ్లలోతు మంచు కురుస్తుంటే లోపల వెచ్చగా ప్రోగ్రాములు రాసుకుంటూ తెల్లారబెట్టేవాళ్లు ఎందరో! హయబుసా-2 వ్యోమనౌక వెళ్లొచ్చిన ర్యుగు గ్రహశకలం ఆకారాన్ని లెక్కగట్టిన శాస్త్రవేత్తల్లో ఇక్కడివాళ్లున్నారు. ఊళ్లో 2019లో కంపెనీల కోసం ప్రత్యేకంగా ఓ కార్యాలయ భవనం కట్టి, టోక్యో సంస్థలను ఇటు రప్పించే పని కూడా మొదలెట్టారు.

అలాగని జపాన్ అంతా కంప్యూటర్లతోనే నడుస్తుందనుకుంటే పొరబాటే. రోబోలు చేసే ఈ దేశంలో ఫ్యాక్సులు, కాగితాల మీద ముద్రలు ఇంకా ఉన్నాయి. దరఖాస్తులను ఫ్లాపీలో పెట్టివ్వాలనే నిబంధనలను అక్కడి ప్రభుత్వం పూర్తిగా వదిలించుకున్నది 2024లో! ఫ్లాపీని బొమ్మల్లో తప్ప చూడని కుర్రాళ్లకు ఇదో పెద్ద జోకు. కానీ వాళ్లకు ఉద్యోగాలు పుట్టేదీ అక్కడే. 2030 నాటికి ఐటీ నిపుణుల కొరత ఎక్కువలో ఎక్కువ ఏడు లక్షల తొంభై వేల దాకా ఉండొచ్చని జపాన్ వాణిజ్య మంత్రిత్వ శాఖ ఏనాడో లెక్కేసింది.

తెలుగువాళ్లకో కలిసొచ్చే సంగతి

పాఠం ఇంగ్లిషులో సరే, పాలప్యాకెట్ మాటేమిటి? అసలు పరీక్ష తరగతి గది దాటాకే. అద్దె ఇల్లు, బ్యాంకు ఖాతా, చెత్తను రకరకాలుగా వేరుచేసి ఏరోజుది ఆరోజు పెట్టడం... అన్నింటికీ జపనీసే కావాలి. వచ్చి ఇల్లు చూసుకున్న పద్నాలుగు రోజుల్లోగా నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఫారం నింపడమే చాలామందికి తొలి జపనీస్ పాఠం.

ఇక్కడే మనవాళ్లకు ఓ తీపి కబురు. జపనీస్ వాక్యం తెలుగు నడకే నడుస్తుంది. ‘వతాషి వ గొహన్ ఒ తబెమస్’ అంటే ‘నేను అన్నం తింటాను’. వరస మారదు, క్రియ చివర్లోనే! ‘హైదరాబాద్ కర కిమషిత’ అంటే హైదరాబాద్ నుంచి వచ్చాను. మన ‘నుంచి’ ఎక్కడుందో వాళ్ల ‘కర’ కూడా అక్కడే. ఇది, అది, ఏది అన్నట్టే కొరె, అరె, దొరె. పేరు చివర మనం ‘గారు’ తగిలిస్తే వాళ్లు ‘సాన్’ అంటారు. మనలాగే మాటను అచ్చుతో ముగిస్తేగానీ తృప్తి ఉండదు వాళ్లకు. బస్ మనకు బస్సయితే వాళ్లకు బసు. బ్యాగ్‌ని మనం బ్యాగు చేశాం, వాళ్లు బగ్గు చేశారు. ఇంగ్లిషులోంచి జపనీస్‌లోకి అనువదించుకుంటూ తంటాలుపడే బదులు తెలుగులో ఆలోచిస్తే సగం పని అయిపోతుంది. చిన్నప్పట్నుంచీ ఇంగ్లిషు మీడియంలో చదివి తెలుగు వాక్యం మర్చిపోయినవాళ్ల గతేమిటంటారా? అది వాళ్లే చెప్పాలి!

సంబరం అక్కడితో సరి. రాత దగ్గరికొచ్చేసరికి చుక్కలు కనిపిస్తాయి. హిరగాన, కతకాన అనే రెండు లిపులు ఒకట్రెండు నెలల్లో పట్టుబడతాయి. మూడోది కంజి, చైనా నుంచి వచ్చిన బొమ్మల అక్షరాలు. నిత్య వ్యవహారానికని ప్రభుత్వం ప్రకటించిన జాబితాలోనే 2,136 ఉన్నాయి. ఒక్కోదానికి రెండు మూడు ఉచ్చారణలు.

మరో తిరకాసు ‘హై’. అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ జపనీయులు ‘హై, హై’ అంటూ తలాడిస్తారు, అచ్చం అకబెకోలా. ‘సరే’ అన్నారనుకుని సంతోషపడితే అంతే సంగతులు. అది మన ‘ఊ కొట్టడం’ లాంటిది, వింటున్నానని మాత్రమే అర్థం. దాన్ని ఐజుచి అంటారు. పేరు కలిసింది కానీ ఈ ఊరికీ దానికీ చుట్టరికం లేదు. ఇవన్నీ నేర్చుకుని బజారుకెళ్తే అక్కడి ముసలమ్మ ఇంకో భాష మాట్లాడుతుంది! ఐజు యాస. క్షమించమంటే ‘సస్కెనే’ అంటుంది. ‘పర్లేదులే’ అని. పుస్తకంలో వెతికితే దొరికే మాట కాదది.

లెక్క చూసుకుని...

జాతీయ విశ్వవిద్యాలయాల్లో ఏడాది ఫీజు చాలాకాలంగా 5,35,800 యెన్లు. టోక్యో విశ్వవిద్యాలయం 2025 నుంచి ఇరవై శాతం పెంచింది. అమెరికాతో పోలిస్తే ఇది బాగా తక్కువే. జపాన్ ప్రభుత్వమిచ్చే మెక్స్ట్ ఉపకారవేతనం దక్కితే ఆ ఫీజూ ఉండదు. పీజీ, పరిశోధన విద్యార్థులకు నెలకు లక్షా నలభై వేల యెన్ల పైనే చేతికొస్తుంది. రాయబార కార్యాలయం పెట్టే రాతపరీక్ష, మౌఖిక పరీక్ష నెగ్గాలి. ఇక హైదరాబాద్ ఐఐటీది ప్రత్యేక బంధం. సంగారెడ్డి జిల్లా కందిలో ఆ ప్రాంగణ నిర్మాణానికి జపాన్ రుణమిచ్చింది. అక్కడ చదివినవాళ్లు జపాన్‌లో పైచదువులకు వెళ్లేందుకు ఆ దేశ సహకార సంస్థ జైకా ఉపకారవేతనాలూ ఇచ్చింది.

ఇవేవీ లేకుండా ఏజెంటు మాట నమ్మి అప్పుచేసి విమానమెక్కేవాళ్లతోనే చిక్కు. ‘ముందు భాషా పాఠశాలలో చేరు, పార్ట్‌టైమ్ చేస్తే ఫీజులు అవే వస్తాయి’ అంటారు. చట్టం ప్రకారం విద్యార్థి వారానికి 28 గంటలే పనిచేయాలి, అదీ ముందుగా అనుమతి తీసుకుని. సెలవుల్లో అయితే రోజుకు ఎనిమిది గంటల దాకా. గంటకు వెయ్యి యెన్లు అనుకున్నా నెలకు లక్షా పన్నెండు వేలు. గది అద్దె, తిండి, ఆరోగ్య బీమా, ఫోను పోగా ఫీజుకు మిగిలేది ఎంత? ఈ లెక్క వేయడానికి కంప్యూటర్ అక్కర్లేదు. గంటలు దాటి పనిచేస్తే వీసా పొడిగించేటప్పుడు దొరికిపోతారు. అర్ధరాత్రి దాకా దుకాణంలో అరలు సర్ది, పొద్దున తరగతిలో కునుకుతీసే కుర్రాడికి కంజి ఎప్పుడు వచ్చేను, ప్రోగ్రామింగ్ కోర్సులో సీటు ఎప్పుడు దొరికేను!

తిండి సంగతి సులువుగానే తేలిపోతుంది. ఐజు బియ్యానికి మంచి పేరుంది, పెరుగూ దొరుకుతుంది. శాకాహారులకే ఇబ్బంది. కూరగాయల పులుసులా కనిపించేదాన్లోనూ చేపల సారం ఉంటుంది. చలికాలం రాత్రుళ్లు కుళాయి గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి గొట్టాలు పగలకుండా పడుకోబోయే ముందు నీళ్లన్నీ వదిలేయాలి. మర్చిపోయినవాళ్లకు పొద్దున ముఖం కడుక్కోవడానికి చుక్క ఉండదు.

నల్లసూటు రోజులు

డిగ్రీ చేతికొచ్చాక వెతుక్కుందాంలే అంటే జపాన్‌లో కుదరదు. మూడో ఏడాది ముగిసే మార్చిలోనే వేట మొదలు. దీన్ని షూకత్సు అంటారు. అందరికీ ఒకేరకం నల్లసూటు, తెల్లచొక్కా. టోక్యో వెళ్లే రైళ్లలో ఆ సూటువేసుకుని పెదవులు కదుపుతూ జవాబులు వల్లెవేసుకునే విద్యార్థులు కనిపిస్తారు. ఎంపికైనవాళ్లంతా చదువైపోయాక ఒకే రోజు, ఏప్రిల్ ఒకటిన చేరతారు. ప్రోగ్రాములు ఏ భాషలో రాస్తావని అడిగే ముందు జపనీస్ పరీక్షలో ఎన్2 ఉందా అని అడిగే కంపెనీలే ఎక్కువ. ఇంగ్లిషు డిగ్రీ విమానం దిగడానికి పనికొస్తుంది, ఉద్యోగంలో కుదురుకోవడానికి కాదు. ఉద్యోగం దొరక్కపోతే చదువయ్యాక ఆరు నెలలు, ఇంకోసారి పొడిగిస్తే మొత్తం ఏడాది దేశంలో ఉండి వెతుక్కోవచ్చు.

జపాన్‌లో విదేశీ విద్యార్థులు 2024లో 3,36,000 మంది దాటారు. అందులో భారతీయులు రెండు వేల మంది కూడా లేరు. భాషే కారణం.

కొండమీద ఇరవై మంది

విశ్వవిద్యాలయం ఉన్న ఇక్కి-మాచి ప్రాంతంలోనే ఇమోరి కొండ ఉంది. 1868 అంతర్యుద్ధంలో చక్రవర్తి సేనలు ఐజును ముట్టడించినప్పుడు ‘బ్యక్కోతాయ్’ దళంలోని పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లు ఇరవై మంది ఈ కొండెక్కారు. దూరంగా పొగ కనిపించింది. కోట తగలబడింది, అంతా అయిపోయిందనుకుని అక్కడే ప్రాణాలు తీసుకున్నారు. నిజానికి కాలుతున్నది ఊరు. కోట ఇంకా నిలిచే ఉంది, మరో నెల పోరాడింది కూడా! పంతొమ్మిది ప్రాణాలు తీసింది ఓ తప్పుడు సమాచారం. బతికి బయటపడ్డ ఒక్కడి పేరు ఇనుమా సదకిచి. పెద్దయ్యాక అతనేం చేశాడో తెలుసా? టెలిగ్రాఫ్ ఇంజినీరయ్యాడు. వార్తను తప్పు లేకుండా చేరవేసే తీగలు వేయించే పని!

అదే కొండ మీద 1796లో కట్టిన సజాయెదో అనే చెక్క గుడి ఉంది. మెట్లుండవు, ఒకదాన్నొకటి పెనవేసుకున్న రెండు వాలు దారులు. ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు ఎదురుపడరు. దాని నమూనాను కంప్యూటర్‌లో గీసి చూడాలని ఏ ఐటీ విద్యార్థికైనా అనిపించక మానదు.

ఆ ముట్టడిలో కోటలోపల ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి ఉంది, పేరు యమకవ సకికో. మూడేళ్ల తర్వాత, 1871లో ప్రభుత్వం ఆమెను మరో నలుగురు బాలికలతోపాటు చదువుకి అమెరికా పంపింది. తల్లి ఆమె పేరు మార్చి సుతెమత్సు అని పెట్టింది. ‘సుతె’ అంటే వదులుకోవడం. ‘మత్సు’ అన్న మాటకు పైన్ చెట్టనీ, ఎదురుచూడటమనీ రెండర్థాలు. వదులుకున్నాను, ఎదురుచూస్తుంటాను అని! ఆమె అక్కడి కాలేజీలో పట్టా పుచ్చుకున్న తొలి జపాన్ మహిళ అయ్యింది. పదకొండేళ్ల తర్వాత 1882లో ఇంటికొచ్చేసరికి సొంత భాష సగం మర్చిపోయింది. చదవడం, రాయడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఫిబ్రవరిలో ఆ కోట చుట్టూ మంచులో రంగుల పూలు చిత్రించిన కొవ్వొత్తులు వేలకొద్దీ వెలిగిస్తారు. విదేశీ విద్యార్థులూ చేతులు కొంకర్లుపోతున్నా ఫోన్లు పట్టుకుని వస్తారు. అక్కడ సాయంత్రం ఆరు గంటలంటే మన దగ్గర మధ్యాహ్నం రెండున్నర. భోజనాలయ్యాక అమ్మ తీరిగ్గా వీడియోకాల్‌లోకి వచ్చే వేళ.