తాళ్ళు పట్టేవాళ్ళు

ఫిజియోథెరపీ మొదటి ఏడాదిలో భుజం కీలు నాకస్సలు ఎక్కలేదు. సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరెస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. ఈ నాలుగు కండరాలూ కలిస్తే రొటేటర్ కఫ్. రాత్రి బట్టీ పట్టిన పేర్లు పొద్దున్నకి ఉండేవి కావు.

సంక్రాంతి సెలవలకి ఇంటికొచ్చి, చేత్తో చేసి చూద్దామని అరుగు మీద కూర్చున్నా. కాలవగట్టు బంకమట్టితో బంతి చేశా, అది చేతి ఎముక తల. గూడుకి కొబ్బరిచిప్ప పెట్టా. బంతి చక్కగా కూర్చుంది గానీ చెయ్యి పైకి లేవదే! చిప్ప అంచు అడ్డం. అప్పుడర్థమైంది, నేను చేసింది తుంటి కీలు. భుజం గూడుకి ప్రమిదంత లోతు కూడా ఉండదు. బంతిలో మూడో వంతుకి మించి అందులో ఆనదు. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది. అందుకే శరీరంలో ఎక్కువగా జారే పెద్ద కీలూ ఇదే.

చిప్ప తీసేసి పలచటి మట్టిపళ్ళెం పెట్టా. పైన ఒకటి, ముందు ఒకటి, వెనక రెండు రబ్బరు బ్యాండ్లు. చెయ్యెత్తే పెద్ద కండరం డెల్టాయిడ్‌కి ఒక దారం. పైనున్న ఎముక కప్పుకి అట్టముక్క. పైదీ వెనకవీ బ్యాండ్లు తీసి దారం లాగితే, చెయ్యి లేవడానికి బదులు బంతి పైకి జారి అట్టకి గుద్దుకుంది.

నాన్న పక్కనే చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళు కొబ్బరి దింపుకెళ్ళిన మనిషి. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభ మోసిన భుజం ఆయనది.

"మోసేవోళ్ళుంటే సరిపోద్దేంటే? తాళ్ళోళ్ళు వదిలేత్తే ప్రభ నిలబడుద్దా?" అన్నాడు.

నాలుగు పేర్లూ ఆ క్షణంలో వచ్చేశాయి. అవి ఎత్తేవి కావు, ఎత్తేటప్పుడు ఒరిగిపోకుండా బంతిని గూట్లోకి లాగి పట్టేవి.

"నాన్నా, ఓసారి చెయ్యెత్తు" అని ఆయన రెక్క ఎముక మీద చెయ్యి వేశా. చెయ్యి పూర్తిగా 180 డిగ్రీలు లేస్తే అందులో 120 దాకా బంతిది, 60 రెక్కది. మొదట్లో రెక్క పెద్దగా కదలకూడదు. నాన్నకి ముందు రెక్కే లేచింది, భుజం చెవి దాకా వెళ్ళింది. ఏడాదిగా చూస్తున్నాం, అలవాటనుకున్నాం. అమ్మయితే వెక్కిరించేది కూడా.

స్కానింగ్‌లో పై కండరం చిరిగిందని తేలింది. చెట్టు ఎక్కొద్దన్నారు. నా పరీక్షకి జవాబు దొరికిన రోజే నాన్న పని పోయింది. ఆ మట్టి బొమ్మని చాన్నాళ్ళు ముట్టుకోలేకపోయా.

ఇప్పుడు రోజూ సాయంత్రం గోడకి వేళ్ళు ఆనించి పైకి పాకిస్తున్నాడు. పక్కన నిలబడి రెక్క మీద చెయ్యి వేసి చూస్తా. నిన్న చొక్కా తగిలించే మేకు అందింది.