సిగ్గుపడితే బాగుపడతారా?

పొద్దున పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్.
నా ముందున్నాయన, కొడుకు పక్కనుండగానే టీచర్‌తో, "వీడికి లెక్కలు ఎక్కవు మేడం, ఉత్త మొద్దు" అన్నాడు నవ్వుతూ.
పిల్లాడూ నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

మన దగ్గర ఇది మామూలే. నలుగురిలో పొగిడితే దిష్టి. తిడితే పౌరుషం వస్తుందని ఆశ.

నిజంగా వస్తుందా?

మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ హైనే బృందం 2001లో ప్రచురించిన పరిశోధన గుర్తొచ్చింది. కెనడా, జపాన్ విద్యార్థులకు ఓ పరీక్ష. కొందరికి తేలికైన ప్రశ్నలు, కొందరికి కష్టమైనవి. తర్వాత అలాంటిదే ఇంకోటి ఇచ్చి, గదిలో ఒంటరిగా వదిలేశారు.

కెనడా వాళ్లలో మొదటిది బాగా చేసినవాళ్లు ఎక్కువసేపు కూర్చున్నారు.
జపాన్‌లో సరిగ్గా చెయ్యలేకపోయినవాళ్లు!

అక్కడ చూసి నవ్వేవాళ్లెవరూ లేరు. మరి కూర్చోబెట్టిందేంటి? కొంతవరకైనా, కష్టపడితే వస్తుందన్న నమ్మకం. అదే పరిశోధనలోని ఇంకో ప్రయోగంలో ఆ మాట ముందే చెబితే, పరీక్ష సరిగ్గా చెయ్యలేకపోయిన అమెరికా విద్యార్థులు కూడా ఇంకాసేపు ప్రయత్నించారట.

మనం పిల్లలకి సిగ్గు దండిగా ఇస్తాం. ఆ నమ్మకం ఇవ్వడమే మర్చిపోతాం.
తప్పెక్కడో చూపించకుండా పరువు తీస్తే వాళ్లు లెక్క దిద్దుకోరు, ప్రోగ్రెస్ కార్డు దాచుకుంటారు.

అలాగని చేసిన ప్రతిదానికీ "సూపర్ కన్నా" అనడం కూడా నాకు మింగుడుపడదు.

మీ ఇంట్లో ఎలా ఉండేది? తిట్లు తిని నిజంగా పట్టుదల తెచ్చుకున్నవాళ్లుంటే చెప్పండి.
ఏం తిట్టారో కూడా రాయండి 😄