మణుగూరులో నేల ఎవరి పేరున ఉంది?

అశ్వాపురం దాటి మణుగూరు దగ్గరపడుతుంటే అడవి పలచబడి సింగరేణి ఓపెన్‌కాస్టుల మట్టిగుట్టలు మొదలవుతాయి. బొగ్గు గనులు, భారజల కర్మాగారం, ఆ తర్వాత 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఎక్కడెక్కడి కుటుంబాలనో ఇక్కడికి చేర్చాయి. వచ్చినవాళ్లకు ఇల్లు కావాలి. ఆ ఇంటి కింది నేల ఎవరిదో ఏ కాగితం చెబుతుందో తెలుసుకుందామని వెళ్లాను.

గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన బీరువాలోంచి ఫైలు తీసి చూపించారు. స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం, నోటరీ ముద్ర, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఉన్నాయి. "అన్నీ ఉన్నయ్ సార్, రిజిస్ట్రేషనొక్కటే కాలే" అన్నారు. ఆ మాట విని బాధేసింది. అక్కడ ఆగింది రిజిస్ట్రేషన్ ఒక్కటే కాదు, అసలు ఆ అమ్మకమే చట్టం ముందు నిలవదు.

మణుగూరు రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన (ఏజెన్సీ) ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. 1970లో వాటికి చేసిన సవరణనే జనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. దాని ప్రకారం ఇక్కడ స్థిరాస్తి కొనగలిగేది గిరిజనులు, లేదా గిరిజనులే సభ్యులైన సహకార సంఘం. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, మరో గిరిజనేతరుడికి అమ్మితే చెల్లదు. కౌలు, దానం, మార్పిడి కూడా అంతే. వారసత్వం, వీలునామా మాత్రం ఇందులోకి రావు. ఈ సవరణను సుప్రీంకోర్టు 1988లో సమర్థించింది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఆస్తి గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం ఆయనదే. పన్ను రసీదు ఆ భారాన్ని మోయలేదు.

పాత రికార్డు విలువ ఇక్కడే తెలుస్తుంది. ఊళ్లో ఒక కోయ రైతు తన చేను హద్దులు చూపిస్తూ, "మా తాత పేరు ఖాస్రాల ఉంది సారూ, అదే మా ధైర్యం" అన్నాడు. 1954-55 ఖాస్రా పహాణీ తెలంగాణలో భూమికి పునాది రికార్డు. అక్కడి నుంచి ఏటేటా పహాణీలు తిరగేస్తే పట్టాదారు ఎవరో, అనుభవదారు ఎవరో, పేరు ఏ ఏడు మారిందో కనబడుతుంది. 1963కూ 1970కీ అటూ ఇటూ ఉన్న సంవత్సరాలను మరింత జాగ్రత్తగా చూడాలి.

ఇప్పటి వివరాలకు భూభారతి పోర్టల్ ఉంది. 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న దీన్ని ప్రారంభించారు. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు ఇస్తే వ్యవసాయ భూమి ఖాతా వివరాలు తెరపైకి వస్తాయి. పాత పహాణీల నకళ్లకు మీసేవలోనో తహసీల్ కార్యాలయంలోనో దరఖాస్తు పెట్టుకోవాలి. ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. తెల్లకాగితం ఒప్పందాలు అందులోకి ఎక్కవు కాబట్టి ఈసీ ఖాళీగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. పోడు పట్టా 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది. అది వారసులకు దక్కుతుంది తప్ప అమ్మడానికి వీల్లేదు. అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం ఆపుతుంది. సింగరేణి సేకరణలోగానీ, అటవీ బ్లాకులోగానీ ఆ సర్వే నంబరు ఉందేమో కూడా చూసుకోవాలి.

1908 రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే గానీ యాజమాన్యానికి పూచీ పడదు. దక్షిణ ఆస్ట్రేలియా 1858లోనే ప్రభుత్వం పూచీ ఇచ్చే టైటిల్ పద్ధతి తెచ్చింది. మన దగ్గర ఆ పూచీ లేదు కాబట్టి పరిశీలన కొనేవాడి మీదే పడుతుంది.

భూబదలాయింపు కేసులను స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ (గిరిజన సంక్షేమం) కోర్టు విచారిస్తుంది. ఫలానా సర్వే నంబరు మీద కేసు ఉందా, తీర్పు ఏమిటి అని సమాచార హక్కు కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే ఇంత ముఖ్యమైన సంగతి కోసం మనిషి దరఖాస్తు పట్టుకుని తిరగాల్సిన పని ఉండకూడదు. ఏజెన్సీ గ్రామాల కేసులు, తీర్పులు సర్వే నంబరు పక్కనే అందరికీ కనబడేలా ప్రభుత్వం పెట్టాలి. అలా చేస్తే కోయ రైతు నేల నిలుస్తుంది, కార్మికుడి కష్టార్జితమూ మిగులుతుంది.

మణుగూరులో స్థలం చూసే ప్రతి ఒక్కరికీ నా మాట ఒకటే. ధర అడిగే ముందు ఆ నేల మీకు అమ్మడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో అడగండి. ఒప్పుకోదంటే బయానా ఇవ్వకండి.