గడియ లేని తలుపు

మా గుంటూరు జిల్లా పల్లెల్లో చర్చి పిల్లలకి మే నెలంటే వీబీయస్. వెకేషన్ బైబిల్ స్కూల్ అని పూర్తిగా పలికేవాళ్ళు తక్కువ. న్యూయార్కులో 1898లో హాస్ అనే ఆవిడ, సెలవుల్లో వీధుల్లో తిరిగే పేదపిల్లల కోసం ఒక బీరు హాలు అద్దెకి తీసుకుని నడిపిన బడి దీనికి మొదళ్ళలో ఒకటని చదివినప్పుడు నాకు భలే నచ్చింది. బీరు హాలు సంగతి మా సంఘ పెద్దలకి చెప్పలేదనుకోండి.

పది రోజులు, ఎనభై మంది పిల్లలు, ఒక రేకుల షెడ్డు. స్టేజి మీద అయ్యగారూ, గిటారు పట్టుకున్న కుర్రాళ్ళూ కనిపిస్తారు. వెనకాల స్త్రీల సమాజం ఉంటుంది. తెల్లారకముందే నీళ్ళ డ్రమ్ములు నింపేదీ, మజ్జిగ చిలికేదీ, ఎవరికి జ్వరం తగిలిందో చూసి ఇంటికి పంపేదీ వాళ్ళే. 2015 మే ఎండలకి ఒక్క ఆంధ్రప్రదేశ్ లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు నుంచీ పదిన్నరకల్లా పిల్లలు ఇళ్ళకి చేరాల్సిందేనని పట్టుబట్టింది పాస్టరమ్మగారు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టు కొలత. మా పిన్నికి ఇది వాక్యం కంటే బాగా కంఠస్థం. ఆఖరి రోజు కృతజ్ఞతలు చెప్పేటప్పుడు షామియానా వాడి పేరు చదువుతారు గానీ వీళ్ళ పేర్లు చదవరు.

పోయినేడు మూడో రోజున పన్నెండేళ్ళ పిల్ల ఒకతి యాక్షన్ సాంగ్ మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయింది. "డాక్టరమ్మ వచ్చింది, జరగండి" అన్నారెవరో. నాకున్నది సాహిత్యంలో డాక్టరేటు! ఈలోగా పిన్నే పిల్లని నీడకి చేర్చి, తడిగుడ్డతో మెడా చంకలూ తుడిచి, బాగా తెలివొచ్చాక గుక్క గుక్కగా ఉప్పూ పంచదార నీళ్ళు పట్టించింది. ఆటోలో పి.హెచ్.సి.కి తీసుకెళ్తే పర్వాలేదన్నారు.

పొద్దుట్నించీ ఏం తాగావే అంటే, ఏమీ తాగలేదంది. ఎదురుగా డ్రమ్ము నిండా నీళ్ళున్నాయి. తాగితే దొడ్డికి వెళ్ళాలి. మరుగుదొడ్డి షెడ్డు వెనక, గోడ వారన ఉంది. తలుపుకి గడియ లేదు. లోపలొకరుంటే బయటొకరు తలుపు పట్టుకుని నిలబడాలి. నెలసరి మొదలైన పిల్లలు ఆ అయిదు రోజులూ అసలు రావడమే మానేస్తారట. పెద్దాడపిల్లల హాజరు తగ్గిపోతోంది, భక్తి సన్నగిల్లుతోందని అంతకు ముందు ఆదివారమే మేమంతా మోకాళ్ళ మీద ప్రార్థన చేశాం.

ఆ పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది, నాతో కాదు, పిన్నితో. తలుపు పట్టుకునేవాళ్ళు దొరక్కపోతే ఒక అన్న "నేనుంటాలే పద" అంటాడట. అంతే చెప్పింది. పిన్ని గుచ్చిగుచ్చి అడగలేదు. "చెప్పి మంచి పని చేశావు తల్లీ" అని, మధ్యాహ్నానికల్లా వడ్రంగిని పిలిపించి గడియ బిగించింది. సాయంత్రం ఆ పిల్ల తల్లిని కూర్చోబెట్టుకుని ముగ్గురం 1098కి ఫోన్ చేశాం. ఇంటికొచ్చిన వాళ్ళతో ఆ పిల్ల ఏం చెప్పిందనేది ఆ పిల్ల సొంతం, ఇక్కడ రాయను.

రాయదగ్గది ఆ రాత్రి కమిటీలో జరిగింది. గడియ ఎవరినడిగి పెట్టించారు అని మొదలై, చర్చి పరువు దగ్గర ఆగింది. "మన సంఘంలో అలాంటివి ఉండవమ్మాయ్" అన్నారు ఒక పెద్దాయన, చాలా ప్రేమగా. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో 13 రాష్ట్రాల పిల్లలతో మాట్లాడి అచ్చేసిన అధ్యయనంలో 53.22 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక హింస ఎదురైందని చెప్పారు, వాళ్ళలో మగపిల్లలు కూడా తక్కువేం లేరు, ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో మనదీ ఒకటి అన్నాను. లెక్కలకి ఎవరూ చలించలేదు. 2012 పోక్సో చట్టం గురించి చెప్పినప్పుడు మాత్రం గది నిశ్శబ్దమైంది. నేరం జరిగిందని తెలిస్తేనే కాదు, జరగొచ్చన్న భయమున్నా పోలీసులకి చెప్పాలి. జరిగిన నేరం తెలిసి దాచితే ఆరు నెలల దాకా జైలు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచితే ఏడాది. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ భయంతోనే కొన్ని జరిగాయి, కాదనను. ఏ పెద్దవాళ్ళూ ఒక్క పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదన్నారు. బైకు మీద దింపడాలు ఆగాయి. పిల్లని తీసుకెళ్ళేవాళ్ళు పుస్తకంలో సంతకం పెట్టాలి. వాలంటీరుగా ఎవరు ఉండాలనేది స్త్రీల సమాజాన్ని అడగాలన్న నా మాట మాత్రం "ఆలోచిద్దాం" దగ్గర ఆగిపోయింది. మజ్జిగ ఇవ్వడానికి కావలసిన నమ్మకం వేరు, మగవాణ్ణి కాదనడానికి కావలసిన నమ్మకం వేరు కాబోలు.

ఆ ఏడు పాఠం యోసేపు. వీబీయస్ లో యోసేపు తరచూ వస్తాడు, ఆయన వెంట పోతీఫరు భార్యా వస్తుంది. అంటే ఆడది అబద్ధపు నింద వేయగలదని మన పిల్లలు ఎనిమిదేళ్ళకే నేర్చుకుంటారు. దావీదు కూతురు తామారు కథ నేనెప్పుడూ ఏ వీబీయస్ లోనూ వినలేదు. సవతి అన్న బలాత్కరిస్తే, సొంత అన్న ఊరుకోమన్నాడు, తండ్రి కోప్పడి ఊరుకున్నాడు. హీబ్రూ బైబిల్లో యోసేపు అంగీకీ తామారు వస్త్రానికీ ఒకటే మాట వాడారు, కెతోనెత్ పస్సీమ్. ఇంకెవరి బట్టలకీ ఆ మాట లేదు. తెలుగులోకి వచ్చేసరికి ఒకటి నిలువుటంగీ, ఒకటి చీర అయ్యాయి. ఆ చుట్టరికం మనకి కనపడకుండా పోయింది. ఈ కథ పెద్ద పిల్లలకి చెబుదామంటే, పిల్లలకి తగదన్నారు. పోతీఫరు ఇల్లు ఎలా తగిందో!

ఈ మే నెలలో పిన్ని ఎవరినీ అడగలేదు. పెద్దాడపిల్లల్ని పాస్టరమ్మగారి వరండాలో చాప మీద కూర్చోబెట్టి తామారు కథ తన మాటల్లో చెప్పింది. ఒక పిల్ల చెయ్యెత్తింది. "రాజుగారు ఆవిడ నాన్నే కదండీ, మరి ఏం చెయ్యలేదా?" చెయ్యలేదంది పిన్ని. ఇంకొకతి, "వాళ్ళమ్మో?" అంది. అమ్మ మాట అక్కడ రాయలేదని చెప్పింది. అంతలో గంట కొట్టారు. అందరూ లేచి మజ్జిగకి పరిగెత్తారు. ఈసారి నీళ్ళ డ్రమ్ము తొమ్మిదిన్నరకే ఖాళీ అయింది.