వోడిన మరునాడు

2019 మే 23వ తేదీ సాయంత్రం మా వీధిలో టపాకాయలు కాల్చినారు. శివకాశి మాకు పొరుగూరు వంటిది, టపాకాయలకు కొదవ లేదు. తూత్తుక్కుడి పార్లమెంటు స్థానంలో మేము వోటు వేసిన కనిమొళి గారు మూడు లక్షల నలభై వేలకు పైగా ఆధిక్యంతో గెలిచినారు. మా కోవిల్‌పట్టి ఆ స్థానంలోనిదే. అటు విరుదునగరంలోనూ మా పక్షానికే లక్షన్నరకు పైగా ఆధిక్యం వచ్చింది. వేలూరులో యెన్నిక వాయిదా పడగా, తమిళనాట ఆనాటికి వోటింగు జరిగిన 38 స్థానాలలో 37 మా కూటమివే. ఇంత గెలిచి కూడా ఆ రాత్రి మా యింట పొయ్యి వెలగలేదు.

దేశమంతటి లెక్క వేరుగా వుంది. భారతీయ జనతా పార్టీకి ఒక్కదానికే 303, కాంగ్రెసుకు 52. మా నాయన యౌవనం నుంచి నమ్ముకున్న యెర్రజెండా పార్టీలు రెండింటికీ కలిపి అయిదంటే అయిదు. 2004లో ఆ రెండింటికే 53 వుండేవి. ఆ అయిదింటిలోనూ నాలుగు మదురై, కోయంబత్తూరు, తిరుప్పూరు, నాగపట్టణం, అంటే మా తమిళనాటివే. ఇల్లు నిలిచి వూరు మునిగినట్లయింది మాకు.

సంఘపత్రికలో రాజకీయాలేమిటని కొందరు చదువరులు నొసలు చిట్లించవచ్చును. మన సంఘంలో అన్ని పార్టీలవారూ వున్నారు, వుండాలి కూడా. మేము చెప్పదలచినది ఆ రాత్రి, ఆ పిమ్మటి రోజులు మా యింట యెట్లా గడిచినవన్న సంగతి. మేము అంటే ఆలుమగలం యిద్దరం. ఒకరిది కోవిల్‌పట్టి ప్రక్కన నల్లరేగడి సేద్యం చేసుకొనే కుటుంబం. ఇంకొకరిది విరుదునగరం. రెండిళ్ళలోనూ యింటిలో తెలుగు, వీధిలో తమిళం. నాయన అన్నది కోవిల్‌పట్టి యింటి పెద్దాయనను. కోడలు కూడా ఆయనను నాయనా అనే పిలుస్తుంది.

పక్కింటావిడ పళ్ళెంలో కడలమిఠాయి పెట్టుకొని వచ్చింది. మా వూరి వేరుశనగ మిఠాయి చదువరులకు తెలిసే వుంటుంది. తరువాతి సంవత్సరం, 2020లో, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "మీవాళ్ళు గెలిచినారు గదా, నోరు తీపి చేసుకోండి" అన్నదావిడ. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. తీసుకుంటే యేడుపు దాచినట్లుంటుంది, తీసుకోకపోతే ఆవిడ మనసు కష్టపడుతుంది. డెబ్బై యెనిమిదేళ్ళ నాయన చెయ్యి చాచి రెండు ముక్కలు తీసుకొన్నాడు. మిగిలిన నాలుగు పళ్ళతో నములుతూ, "బెల్లానికి పార్టీ వుందా యేమి?" అన్నాడు.

ఆవిడ పోయిన తరువాత మేము నోరు జారినాము. ఉత్తరాదివారికి బుద్ధి లేదనీ, వాళ్ళకు యెంత చెప్పినా అంతేననీ, యింకా వ్రాయదగని మాటలూ అన్నాము. నాయన టెలివిజన్ కట్టేసి, కోడలి వైపు తిరిగి, "కామరాజును వోడగొట్టినప్పుడు విరుదునగరం వాళ్ళకు బుద్ధి వుండిందా అమ్మా?" అని అడిగినాడు.

ఆ ప్రశ్న తగలవలసిన చోటనే తగిలింది. విరుదునగరం తాత మిరపకాయల కమీషన్ అంగడిలో గుమాస్తా. కామరాజు గారంటే ఆయనకు ప్రాణం. తమ వూరి పిల్లవాడు, పెద్ద చదువు లేనివాడు, తొమ్మిదేళ్ళు ముఖ్యమంత్రి అయి, పిమ్మట కాంగ్రెసు అధ్యక్షుడై, యిద్దరు ప్రధానమంత్రులను నిలబెట్టినవాడు. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పథకాన్ని ఆయన ప్రారంభించినది 1956లో, మా ప్రక్కనున్న ఎట్టయపురంలో. అటువంటి మనిషి 1967లో సొంత వూరిలో నిలబడి, పి. శ్రీనివాసన్ అనే విద్యార్థి నాయకుని చేతిలో 1,285 వోట్ల తేడాతో వోడిపోయినాడు. బియ్యం కరువు, 1965 నాటి హిందీ వ్యతిరేక ఆందోళన, పోలీసు కాల్పులు, అన్నీ కలిసి వచ్చినవి. రాష్ట్రంలో కాంగ్రెసు ప్రభుత్వం పోయి అణ్ణాదురై గారు ముఖ్యమంత్రి అయినారు. నేటి వరకు కాంగ్రెసు మళ్ళీ మద్రాసు కోటలో ముఖ్యమంత్రి పీఠం యెక్కలేదు.

తాత రెండు రోజులు అన్నం ముట్టలేదట. అంతకంటె పెద్ద సంగతి, ఆయన పెద్దకొడుకే ఆ శ్రీనివాసన్ గారి వూరేగింపులో వున్నాడు. అర్ధరాత్రి దాటిన తరువాత చొక్కా మీద చామంతి రేకులతో యింటికి వచ్చినాడట. తండ్రి తలుపు తీసినాడు. ఒక్కమాట అనలేదు. "వాడికి అన్నం పెట్టు" అని అవ్వతో చెప్పి లోపలికి పోయి పడుకొన్నాడు. కొడుకు కూడా తాను అభ్యుదయానికే వోటు వేసినానని అనుకొన్నాడు, తండ్రీ అట్లాగే అనుకొన్నాడు. ఎవరిది తప్పని నేటికీ మా బంధువులలో తగవు తీరలేదు.

మూడవ నాడు తాత లేచి, స్నానం చేసి, తన సొంత పల్లెకు పోయినాడు. ఆ పల్లె బడిలో మధ్యాహ్న భోజనానికి ప్రతి పంటకూ ఒక మూట సజ్జలు యివ్వడం ఆయన పెట్టుకొన్న వాడుక. బడి సంఘంలో అప్పటికే గెలిచినవాళ్ళు కుర్చీలు వేసుకొని కూర్చున్నారట. వాళ్ళ ముందరే మూట దింపి, రసీదు అడిగి పుచ్చుకొని వచ్చినాడు. ఆ రసీదు సంగతి యింటిలో అందరూ నవ్వుతూ చెప్పుకొంటారు. తాత గుమాస్తా కదా, వోడినా రసీదు మానడు.

నాయనకయితే వోటములు యెప్పుడూ కొత్త కాదు. రైతు నాయకుడు నారాయణసామి నాయుడు గారు 1984 డిసెంబరులో యెన్నికల ప్రచారానికి వచ్చి మా కోవిల్‌పట్టిలోనే కన్నుమూసినారు. విద్యుత్ చార్జీల పోరాటంలో ఆయన వెంట నడిచిన రైతులలో నాయన ఒకడు. ఆ నెలలోనే దేశం కాంగ్రెసుకు నాలుగు వందలకు పైగా స్థానాలు యిచ్చింది. మరునాడు యేమి చేసినావు నాయనా అని అడిగితే, "మినుము చేనిలో కలుపు తీసినాను. నేను యేడుస్తున్నానని కలుపు పెరగడం మానుకుంటుందా?" అన్నాడు.

ఇవన్నీ విని మేము బుద్ధిమంతులమయినామని చదువరులు తలచవద్దు. రెండు వారాలు పత్రిక చదవలేదు. అంతకంటె చెడ్డపని యింకొకటి చేసినాము. విరుదునగరంలోని బావ గెలిచిన పక్షానికి వోటు వేసి, బంధువుల వాట్సాప్ గుంపులో పూలదండ బొమ్మ పెట్టినాడు. "మీవంటివారి వల్లనే దేశం యిట్లా అయింది" అని మేము వ్రాసి, గుంపు నుంచి బయటికి వచ్చేసినాము. ఆని మాసంలో బావ కూతురి పెళ్ళి. శుభలేఖ పోస్టులో వచ్చింది. మనిషి రాలేదు, టెలిఫోను లేదు. మా యిళ్ళలో దానికి యేమి అర్థమో వేరే చెప్పాలా?

పోవద్దని మేము తీర్మానించుకొన్నాము. నాయన మాత్రం పెట్టె సర్దుకొని గుమ్మంలో కూర్చున్నాడు. "మీరు రాకపోతే నేనొక్కడినే బస్సు యెక్కుతాను. కంటికి సరిగా కనబడదు, సాత్తూరులో దిగి తప్పిపోతే మీ యిష్టం." ఇదొక విధమయిన సత్యాగ్రహం. యాభై కిలోమీటర్లు ముగ్గురమూ మాట లేకుండా పోయినాము.

పెళ్ళిలో బావ మర్యాదకు లోటు చేయలేదు. వడ్డన అయిన తరువాత పెరట్లో చేతులు కడుక్కొనే చోట నిలబెట్టి అడిగినాడు. "నేను యెందుకు వేసినానో మీరిద్దరూ ఒక్కసారయినా అడిగినారా?" మేము అడగలేదు. బావ కొడుకు సైన్యంలో వున్నాడు. ఆ ఫిబ్రవరిలో పుల్వామాలో నలభైమంది జవాన్లు చనిపోయినప్పుడు, వారిలో ఒకడు మా కోవిల్‌పట్టి ప్రాంతపు పల్లెవాడు. శవపేటిక వచ్చిన నాడు బావ ఆ పల్లెకు పోయినాడు. ఆ పిల్లవాడి తల్లిని చూసి వచ్చి పదిరోజులు నిద్రపోలేదట. "నా కొడుకు వెనక గట్టివాడు ఒకడు వుండాలనుకున్నాను. అంతే" అన్నాడు.

మేమూ ఆనాడు ఆ పల్లెకు పోయినవాళ్ళమే. ఆ గుంపులోనే యెక్కడో నిలబడినాము. ఇంతమంది పేదపిల్లలు యెందుకు చావవలసి వస్తున్నది, అడిగేవారెవరు అనుకుంటూ తిరిగివచ్చినాము. ఒకే పాడెను చూసి ఆయన ఒక వోటు వేసినాడు, మేము ఇంకొకటి వేసినాము. మా అభిప్రాయం మారలేదు, నేటికీ మారలేదు, ఆయనదీ మారలేదు. కాని "మీవంటివారు" అని మేము వ్రాసిన మాట మాత్రం చేతులు కడిగిన నీళ్ళతో పోలేదు. తప్పయిందని అక్కడే చెప్పినాము. బావ వినిపించుకొన్నట్లు కనబడలేదు. "పాయసం తిన్నారా?" అన్నాడు.

తిరిగి వచ్చిన తరువాత చేసినపని చిన్నది. మా చుట్టుపక్కల అగ్గిపెట్టెల పనికి పోయే ఆడపిల్లలలో పద్దెనిమిది నిండినా వోటర్ల పట్టికలో పేరు లేనివాళ్ళు చాలామంది. పుట్టింటి పల్లెలో వ్రాయించుకోరు, అత్తవారింటికి పోయిన తరువాత అడిగేవారు లేరు. ఆదివారాలు పోయి ఆరవ నంబరు ఫారాలు నింపించినాము. ఎవరికి వేస్తావని అడగరాదని నాయన కట్టడి. ఒక పిల్ల నవ్వుతూ, "మీకు యెంత యిస్తారు సార్ దీనికి?" అని అడిగింది. ఏమీ యివ్వరంటే నమ్మలేదు.

2021 మే 2న ఫలితాలు వచ్చినవి. ఈసారి రాష్ట్రంలో మా కూటమి గెలిచింది, కోవిల్‌పట్టిలో వోడింది. కమ్యూనిస్టు అళగర్‌సామి గారిని పలుమార్లు శాసనసభకు పంపిన వూరిలో యెర్రజెండా అభ్యర్థి మూడవ స్థానంలో నిలిచినాడు. మేము ఫారాలు నింపించిన పిల్లలు యెటు వేసినారో దేవుడికి తెలియాలి. ఉత్తరాదివారిని అన్న మాటలు ఆ రాత్రి మాకు గుర్తుకు వచ్చినవి. ఈసారి తిట్టుకుందామంటే ఆ వోటర్లలో సగంమంది చుట్టాలే!

రెండు వారాలకు, 17వ తేదీన, పుదుచ్చేరిలో కి. రాజనారాయణన్ గారు పోయినారన్న వార్త వచ్చింది. మా ప్రక్కనున్న యిడైసెవల్ వాడు, యింటిలో తెలుగు మాట్లాడి తమిళంలో వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకొన్నవాడు, ఒకనాడు కమ్యూనిస్టు పార్టీలో రైతుల కోసం తిరిగినవాడు. నాయన ఆ రోజు యెన్నికలను మరచిపోయి, సాయంత్రమంతా ఆయన కథలు చెప్పినాడు. కరోనా రోజులు, వినడానికి మేమిద్దరమే వున్నాము.

నాయన మరుసటి సంవత్సరం పోయినాడు. 2024 జూన్ 4న ఆయన కుర్చీ ఖాళీగా పెట్టుకొని లెక్కింపు చూసినాము. భారతీయ జనతా పార్టీకి 240 వచ్చినవి, ప్రభుత్వం మాత్రం మిత్రపక్షాలతో కలిసి వాళ్ళదే. విరుదునగరంలో లెక్కింపు చివరి దాకా వూగిసలాడి, మా అభ్యర్థి 4,379 వోట్లతో గట్టెక్కినాడు. రాత్రి పొద్దుపోయిన తరువాత బావ టెలిఫోను చేసినాడు.

"ఈసారి గెలిచింది మీరా, మేమా? యెంత చూసినా నాకు తెలియడం లేదు. కడలమిఠాయి యెవరు పంపాలి?"

ఉదయం మొదటి బస్సుకు మేమే పంపినాము.