సంచుల కాపలా ఎవరిది?

పూర్వం మన ఇళ్లలో ప్రయాణమంటే ముందుగా పంచాంగం కిందికి దిగేది. వారం, వర్జ్యం, దిక్కు చూసుకుని, మరచెంబు నిండా నీళ్లు పట్టుకుంటే గాని గడప దాటేవారు కారు. ఇప్పుడు పంచాంగం స్థానంలో సెల్‌ఫోను వచ్చింది. వర్జ్యం మాత్రం పోలేదు, వేషం మార్చుకుంది. శనివారం రద్దీ, ఆదివారం రద్దీ, పండుగనాడు అసలే రద్దీ. వీటన్నిటినీ తప్పించి, పిల్లాపెద్దలతో రెండు మూడు వినోద వనాలు చూసి రావడానికి రోజులు కుదర్చడం, పెళ్లికి ముహూర్తం కుదర్చడం కన్న సులువేమీ కాదు.

మొన్న దసరా సెలవులలో మేము బెజవాడ నుంచి హైదరాబాదుకు ఇటువంటి ప్రయాణమే పెట్టుకున్నాము. మేమంటే అయిదుగురం. డెబ్బయి రెండేళ్ల మా అమ్మ, మా ఆవిడ, ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, పన్నెండేళ్ల మా అబ్బాయి, ఈ రాతలు రాస్తున్న తెలుగు మాస్టారు. వచ్చే ఏటికి అమ్మాయి ఏ హాస్టలులో ఉంటుందో తెలియదు. అమ్మ మోకాళ్లు ఏటికేడాది మొండికేస్తున్నాయి. అందరం కలిసి ఒకే బస్సులో కూర్చునే దసరాలు ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కపెట్టబోతే, చేతివేళ్లే ఎక్కువయ్యేటట్టున్నాయి. అందుకని, ఖర్చు సంగతి ఎలా ఉన్నా ఈ ఏడు వెళ్లి తీరాలని నిశ్చయించాము.

మొదటి జాబితా మా అబ్బాయిది. అందులో ఆరు చోట్లున్నాయి. రోజులు మూడే. "పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి" అని వాడి లెక్క. చెప్పుకోవడానికి లెక్క సరిగానే ఉంది. కాని ఈ వనాలు సినిమా హాళ్ల వంటివి కావు, మొదటి ఆట చూసి రెండో ఆటకు మరో హాలుకు పరుగెత్తడానికి. పెద్ద వనం ఏదైనా పొద్దున గేటు తెరిచినప్పుడు లోపలికి వెళితే, దీపాలు పెట్టే వేళకు గాని తెమలదు. టిక్కెట్టు కూడా రోజు మొత్తానికే. సగం రోజుండి బయటికి వస్తే సగం డబ్బు తిరిగి ఇవ్వరు. కనుక పెద్దవి రెండు, చిన్నది ఒకటి చాలునని తీర్మానమైంది. మూడు చోట్లు కొట్టివేస్తుంటే వాడి మొహం చూడాలి!

ఏ రెండు? ఇక్కడ భూగోళం అక్కరకు వచ్చింది. హైదరాబాదు వెళ్లే వాళ్లలో చాలామంది సికింద్రాబాదులోనో అమీర్‌పేటలోనో బస చేసి, అక్కడి నుంచి అన్ని దిక్కులకూ తిరుగుతారు. కాని బెజవాడ రోడ్డున వచ్చేవాళ్లకు రామోజీ ఫిల్మ్ సిటీ ఊరు చేరకముందే తగులుతుంది. అది దాటగానే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు అడ్డం వస్తుంది. దాని మీద దక్షిణంగా పోతే, బొంగ్లూరు దాటాక రావిర్యాల దగ్గర వండర్‌లా. రెండూ ఊరికి ఒకే వైపున, తూర్పు దక్షిణాల అంచున ఉన్నాయి. అందుచేత ఎల్.బి. నగర్‌లో ఒక మామూలు లాడ్జీలో గదులు తీసుకున్నాము. మూడో రోజు ఊళ్లోకి వెళ్లడానికి అక్కడే మెట్రో రైలు ఎక్కవచ్చు. ఈ ఒక్క ఏర్పాటుతో రోజుకు రెండు గంటల ఆటో ప్రయాణమూ, దానికి సరిపడా విసుగూ తప్పాయి.

ఇక రెండో చిక్కు, ఎత్తు. ఈ వనాలలో మనిషికి కొలమానం వయస్సు కాదు, ఎత్తు. వండర్‌లాలో పిల్లల టిక్కెట్టా, పెద్దల టిక్కెట్టా అన్నది ఎత్తును బట్టి తేలుతుంది. గుండెలు జారే పెద్ద ఆటలకు 140 సెంటీమీటర్లు, అంటే సుమారు నాలుగడుగుల ఏడంగుళాలు ఉండాలి. ఇది కడుపుమంటతో పెట్టిన నిబంధన కాదు. భుజాల మీదుగా దిగే ఇనుప కమ్మీ ఒక కొలతకు తయారై ఉంటుంది. అంతకన్న చిన్న ఒళ్లు దానికింద సరిగా బిగియదు. మా వాణ్ణి గోడకు నిలబెట్టి నెత్తిమీద స్కేలు పెట్టి కొలిచాము. 138! తల దువ్వడం మానేశాడు. మందపు అడుగు బూట్లు కొనమన్నాడు. రోజూ పొద్దున తలుపు పైన కమ్మీ పట్టుకుని వేలాడాడు. రెండు వారాల తరువాత కూడా గోడ 138 అనే చెప్పింది. టిక్కెట్టు తగ్గుతుందని నాకు లోపల కొంత సంతోషమే కలిగింది గాని, పైకి విచారం ప్రకటించాను.

అసలు సమస్య ఈ రెండూ కావు. అది మా అమ్మాయి నోట వచ్చింది. కాగితం మీద ఎవరెవరు ఏమేమి ఎక్కేదీ రాస్తుంటే అమ్మ, "నేనెక్కడైనా నీడన కూర్చుని సంచులు చూస్తాలే, మీరు తిరగండి" అంది. వెంటనే మా ఆవిడ, "మీరొక్కరూ ఎందుకు, నేనూ కూర్చుంటాను" అంది. అమ్మాయి కలం ఆపింది. "అయితే అమ్మకీ మామ్మకీ టిక్కెట్టెందుకు? సంచులకే కొందామా?" అని అడిగింది.

నవ్వాము గాని, మాట తగలవలసిన చోట తగిలింది. మన సంసారాలలో తిరునాళ్లకు వెళ్లినా, సముద్రపు ఒడ్డుకు వెళ్లినా సంచుల దగ్గర కూర్చునే మనిషి ఎప్పుడూ ఒకరే. ఆవిడకు అదే ఇష్టమని మిగిలినవాళ్లు అనుకుంటారు. అడిగితే ఆవిడా అదే చెబుతుంది.

ఈ వనాల పుట్టుపూర్వోత్తరాలు చూస్తే, మొత్తం వ్యవహారం ఒక బెంచీ మీదనే మొదలైంది. వాల్ట్ డిస్నీ తన కూతుళ్లిద్దరినీ సెలవు రోజులలో లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకువెళ్లేవాడు. వాళ్లు రంగులరాట్నం మీద తిరుగుతుంటే, తాను బెంచీ మీద కూర్చుని వేరుసెనగలు నములుతూ ఉండేవాడు. పిల్లలూ పెద్దలూ కలిసి సంతోషించే చోటు ఒకటి ఎందుకుండకూడదని అక్కడ తోచిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీలాండు ఆ ఆలోచన ఫలితం. బెంచీ మీది మనిషిని లేవదీయడానికి పుట్టిన వనాలలో, మన ఇంటి ఆడవాళ్లను మళ్లీ బెంచీ మీదనే కూర్చోబెట్టడం ఏమి న్యాయం?

కనుక మా జాబితా మళ్లీ రాశాము. ఏ చోటు గొప్పదన్నది కాదు, ఏ రోజు ఎవరిదన్నది పద్ధతి. మొదటి రోజు అందరిదీ. రెండో రోజు పిల్లలదీ, వాళ్లమ్మదీ. మూడో రోజు మామ్మది. సంచులకు అద్దె పెట్టె. మిగిలిన చిల్లర సామానుకు వంతులు.

మొదటి రోజు రామోజీ ఫిల్మ్ సిటీ. 1996లో రామోజీరావు నెలకొల్పిన ఈ నగరం 1,666 ఎకరాలతో ప్రపంచంలో అతి పెద్ద స్టూడియోగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. ముసలివాళ్లున్న కుటుంబానికి ఇది అనువైన చోటు. ఎందుకంటే లోపల మనం కూర్చుంటాము, బస్సు తిరుగుతుంది. మలుపుకొక దేశం కనబడుతుంది. మొగలాయి తోట పక్కనే జపాను తోట. ఇటు ఉత్తరదేశపు వీధి, అటు లండను వీధి. మా వాడు 'బాహుబలి' కోటగోడల దగ్గర కత్తి లేని యుద్ధం ఒకటి చేశాడు. అమ్మకు మాత్రం ఇళ్ల మీద ధ్యాస. ఒక మేడ ముందు బస్సు దిగి, గుమ్మం బాగుందని మెచ్చుకుని, పక్కనుంచి తొంగి చూసింది. వెనక ఇల్లు లేదు. ముందుగోడకు కర్రల ఊతం. "వెనక వంటిల్లు కూడా లేకుండా ఎంత పెద్దింటి వాళ్లురా!" అంది. సినిమా కళ గురించి నేను ఉపన్యసించబోయి మానుకున్నాను.

రెండో రోజు వండర్‌లా. ఇది 2000లో కొచ్చిలో వీగాలాండు పేరుతో మొదలై, 2005లో బెంగుళూరుకు, 2016లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ. అమ్మను ముందుగా అనుకున్న ప్రకారం వనస్థలిపురంలో మా పిన్ని కూతురి ఇంట్లో దింపాము. అక్కాచెల్లెళ్ల పిల్లల కబుర్లకు ఆ రోజు చాలలేదని సాయంత్రం తెలిసింది. వెళ్లేవాళ్లకు రెండు ముక్కలు: బయటి తినుబండారాలు లోపలికి రానివ్వరు కనుక పులిహోర లాడ్జీలోనే తీరిపోవాలి. నీళ్ల ఆటలకు నూలు బట్టలు పనికిరావు, నైలాను వంటి బట్టలే వేసుకోవాలి. నూలు పోగులు ఊడి వడపోత యంత్రాలకు అడ్డుపడతాయి. ఆ బట్టలు ఇంటి దగ్గరే కొనుక్కుంటే చౌక. పొద్దున పొడి ఆటలు, మధ్యాహ్నం నీటి ఆటలు పెట్టుకుంటే తడిబట్టలతో వరుసలలో నిలబడే బాధ ఉండదు. పెద్ద ఆటకు గేటు తెరవగానే ముందుగా వెళ్లాలి; ఆలస్యమైనకొద్దీ వరుస పెరుగుతుంది.

ఆ పెద్ద ఆట పేరు రికాయిల్. బండిని మొదట వెనక్కు లాగి ఎత్తుకు చేరుస్తారు. అక్కడ వదిలేస్తారు. ఇక దానికి ఇంజనూ లేదు, డ్రైవరూ లేడు. భూమి లాగినట్టు పోవడమే. మెలికలు తిరిగి, తలకిందులై, అవతలి ఎత్తుకు చేరుతుంది. హమ్మయ్య అనుకునే లోపల వచ్చిన దారినే వెనక్కు జారుతుంది. కొలబద్ద దగ్గర మా వాడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఉద్యోగి మర్యాదగా చూసి, మర్యాదగానే తల అడ్డంగా ఊపాడు.

"నువ్వెక్కు" అన్నాను మా ఆవిడతో.

"నేనా? ఏమండీ, వాడొక్కడూ..."

"వాడికి నేను తోడుంటాను."

అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. కళ్లద్దాలు, చేతిసంచి, రెండు ఫోన్లు నా ఒళ్లోనూ మావాడి ఒళ్లోనూ పడ్డాయి. బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాము. బండి పైకి పోయింది, కిందికి విరుచుకుపడింది. అరుపులు వినబడ్డాయి. వాడు సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తన నిరాశ ఎప్పుడో మరిచిపోయాడు. "నాన్నా, ఆ అరిచేది అమ్మేనా?" అన్నాడు.

అమ్మే. జుట్టు రేగి, మొహం ఎర్రబడి దిగివచ్చింది. ఇంటి నుంచి బయలుదేరాక గ్యాసు కట్టామా లేదా అన్న ప్రస్తావన లేకుండా అరగంట గడవడం అదే మొదలు. "నేను కళ్లు మూసుకోలేదు" అని మాత్రం నాలుగుసార్లు చెప్పింది. తరువాత అలల కొలనులో నలుగురం మునిగాము. అక్కడ 138 సెంటీమీటర్లను ఎవరూ అడగలేదు.

మూడో రోజు దిగువ ట్యాంక్‌బండ్ రోడ్డున స్నో వరల్డ్. 2004లో మొదలైన ఈ చోట, చల్లటి హాలులో యంత్రంతో మంచు తయారు చేసి కురిపిస్తారు. లోపల సున్నాకు దిగువన చలి. కోటు, చేతితొడుగులు, బూట్లు వాళ్లే ఇస్తారు. సుమారు గంటసేపు ఉండనిస్తారు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు సాహసించకూడదు. మేము బెజవాడలోనే డాక్టరును అడిగి, సరేననిపించుకుని వచ్చాము. ఇది అమ్మ కోరి పెట్టించుకున్న చోటు. అంత చలి ఎందుకమ్మా అంటే ఇంటి దగ్గర చెప్పలేదు.

చీర మీద కోటు తొడిగి, బూట్లతో జాగ్రత్తగా అడుగు వేస్తూ లోపలికి వచ్చింది. పిల్లలు జారుడు బల్ల వైపు పరుగెత్తారు. అమ్మ ఒక పక్కన నిలబడి, కుడిచేతి తొడుగు తీసి, గుప్పెడు మంచు తీసుకుంది.

"బదరీలోనూ ఇలాగే ఉంటుందా?"

"ఇంకా ఎక్కువ ఉంటుందమ్మా."

"మీ నాన్నగారు తీసుకెళతానని ఏటా అనేవారు. వచ్చే వేసవికి అనేవారు. ఒక వేసవి నీ ఫీజులొచ్చాయి, ఒక వేసవి మీ అక్క పెళ్లొచ్చింది." చేతిలోది నీరై కారిపోయే వరకు చూసింది.

"ఇది మిషను మంచమ్మా" అన్నాను, ఏమనాలో తెలియక.

"మిషనుదైతేనేం, చెయ్యి చల్లబడింది కదా" అని తొడుగు వేసుకుంది. ఇరవై నిమిషాలు ఉండి, చాలు పదమంది. బయట ఎండలో వేడివేడి కాఫీ తాగాక, ఆ సాయంత్రం హుస్సేన్‌సాగర్ నడుమ 1992లో నిలిపిన బుద్ధుడి దాకా పడవ మీద వెళదామని ఆవిడే ప్రతిపాదించింది.

ఇంటికి వచ్చాక ఖర్చులు పుస్తకంలోకి ఎక్కించాము. బస్సు, లాడ్జీ, టిక్కెట్లు, భోజనాలు, కాఫీలు. అనుకున్న దానికన్న కొంచెం పెరిగింది. ఏ ప్రయాణంలోనైనా అంతే. అడుగున మా ఆవిడ చేతిరాతతో ఒక చిన్న పద్దు ఉంది: "సంచుల పెట్టె అద్దె." పొదుపులో ఆరితేరిన మనిషి, ప్రతి పద్దు పక్కనా దండగో కాదో గుర్తు పెట్టే మనిషి, దాని పక్కన ఏ గుర్తూ పెట్టలేదు. పిల్లలతో ఇటువంటి ప్రయాణం తలపెట్టినవారు చోట్ల జాబితా కన్న ముందు ఆ పద్దు రాసుకోవలసిందని నా మనవి.