పెంక లెక్క కాలే ఫోన్‌లో గో ఆట

గో ఆట పేరు మనలో చాలామంది విన్నది 2016లోనే. ఆ మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో ప్రోగ్రామ్ లీ సెడోల్‌ని 4-1తో ఓడించింది. (అదే ఏడాది అక్టోబర్‌లో మా జనగామ జిల్లా అయింది. మా దగ్గర ముచ్చటంతా దాని గురించే!) ఆల్ఫాగో వెనక పెద్ద పెద్ద కంప్యూటర్లున్నాయి. నాకు దొరికింది బాపు ఫోన్, 1 జీబీ ర్యామ్. నెట్ లేకుండా దాంట్లో గో ఆడించాలని పట్టుకున్నా.

అరుగు మీద గీసుకునే పులి-మేకలో 23 చోట్లే. గో పెద్ద బోర్డులో 361. అందుకే 9 గీతల చిన్న బోర్డు తీసుకున్నా, 81 చోట్లు. పద్ధతి పేరు మాంటే కార్లో. ఎత్తు వేసేముందు ఆటని ఇష్టమొచ్చినట్టు చివరిదాకా వందలసార్లు ఆడేసి, ఏ ఎత్తుతో ఎక్కువ గెలిచామో చూడటమే. 2006లో రెమీ కూలోం రాసిన క్రేజీ స్టోన్ ఈ దారిలోనే 9×9 పోటీ గెలిచింది. ఒక్క నియమం మాత్రం తప్పదు: తన ‘కన్ను’ తానే పూడ్చుకోవద్దు. లేదంటే ఆట తెగనే తెగదు.

“ఫోన్ల ఏం పెట్టినవ్ రా, పెంక లెక్క కాలుతుంది” అన్నాడు బాపు. ఆయన పత్తి తీసుకుని మార్కెట్‌కి పోయే రోజులు. సాయంత్రందాకా ఛార్జింగ్ ఉండాలి, ఆటో అతను ఫోన్ చేస్తే ఎత్తాలి. సో, ఎత్తుకి మూడే సెకన్లు. ఎదుటి మనిషి ఆలోచిస్తున్నప్పుడు ప్రోగ్రామ్ ఖాళీగా కూర్చోవాలి.

ఓట్ల లెక్కింపు చూశారుగా? మెజారిటీ మిగిలిన ఓట్ల కన్నా ఎక్కువైతే ఫలితం తేలినట్టే. ఇక్కడా అంతే. రెండో ఎత్తు మొదటిదాన్ని ఇక అందుకోలేదని తేలగానే లెక్క ఆపేస్తుంది. తేలికైన ఎత్తులు సెకనులోపే పడుతున్నాయి. మెమరీకి కూడా మొదట్లోనే ఒక అర్రే తీసుకుని, చివరిదాకా దాన్నే తిప్పి తిప్పి వాడటం. అప్పటినుంచి మధ్యమధ్యలో ఆగడం పోయింది. నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడు వారంపాటు ఓడాడు. తర్వాత ‘నిచ్చెన’ పట్టుకున్నాడు. రాయిని మెట్టు మెట్టుగా తరిమి బోర్డు అంచున పట్టేయడం. గుడ్డిగా ఆడే ఆటలకు అంత పొడుగు వరస దొరకదు, ప్రోగ్రామ్ ప్రతిసారీ పడుతోంది. నిచ్చెనని ముందే చూసే కోడ్ కలపొచ్చు, కానీ ఆ మూడు సెకన్లలోంచే దానికీ వాటా ఇవ్వాలి. తమ్ముడు మాత్రం అస్సలు కలపొద్దంటున్నాడు.